చేతిపనివారి తీరిక, వారి వేడుక

(గ్రంథాలయ వారోత్సవాల్లో చేసిన ప్రసంగం. ఆ సాయంత్రం రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

సభలోని పెద్దలకు, వెనుక గోడకు ఆనుకొని నిలబడి ఉన్న మిత్రులకు నమస్కారం. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, దయచేసి వచ్చి కూర్చోండి. పగలంతా నిలబడి పని చేసినవారిని ఇక్కడ కూడా నిలబెట్టి నేను తీరిక గురించి మాట్లాడడం బాగుండదు.

నాకు ఇచ్చిన విషయం చేతిపనివారి వేడుకలు. వడ్రంగులు, తాపీమేస్త్రులు, నేత కార్మికులు, కంసాలులు, దర్జీలు, సెలూన్ నడిపేవారు, ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు పని ముగిశాక ఏమి చేసి సంతోషిస్తారన్నది ప్రశ్న. ఐటీఐలో చాలా కాలం పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి వీరి పని గురించి మాట్లాడే అవకాశం నాకు అనేకసార్లు వచ్చింది. వీరి ఆట గురించి, పాట గురించి మాట్లాడమని అడిగినవారు మాత్రం మీరే మొదట. వీరి గురించి ఎక్కడైనా రాసినా కూలి గురించి, అప్పుల గురించి, ఆరోగ్యం గురించి రాస్తారు. అవన్నీ రాయవలసినవే. కానీ ఒక మనిషి తన కోసం తాను గడిపిన గంటను గురించి ఎవరు రాశారు?

వేడుకల జాబితా చదివి కూర్చోవచ్చు. ఒకాయన భజన చేస్తాడు, ఒకాయన పావురాలు పెంచుతాడు, ఒకాయన నాటకం వేస్తాడు. అలా చెబితే అది వింతల జాబితాగా మిగులుతుంది. నేను వేరే చోట మొదలుపెడతాను. వీరికి తీరిక ఎప్పుడు దొరుకుతుంది? దాన్ని బట్టే వేడుక ఏ రూపం తీసుకుంటుందో తెలుస్తుందని నా అభిప్రాయం.

మనలో ఉద్యోగాలు చేసినవారికి సెలవు అంటే ఆదివారం. ఆ ఆదివారం కూడా ఊరికే రాలేదు. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడగా 1890 జూన్ 10న మిల్లులకు వారాంతపు సెలవుగా వచ్చింది. తరువాత 1942లో వారపు సెలవుల చట్టం వచ్చింది, మన రాష్ట్రంలో 1988లో దుకాణాలు, సంస్థల చట్టం వచ్చింది. అయితే అవన్నీ ఒక యజమాని కింద, ఒక కప్పు కింద పని చేసేవారికి. సంచిలో పనిముట్లు వేసుకొని ఇంటింటికీ తిరిగే ప్లంబరుకు ఆదివారం సెలవు ఉంటుందా? మీ ఇంట్లో కుళాయి కారుతుంటే అతన్ని ఏ రోజున రమ్మంటారు? ఆదివారమే రమ్మంటారు, ఎందుకంటే ఆ రోజు మీరు ఇంట్లో ఉంటారు. మన సెలవు అతనికి తీరిక లేని రోజు. ఎలక్ట్రీషియన్ సంగతీ అంతే.

మరి వీరి సెలవు ఏది? ఇక్కడ కూర్చున్న పెద్దవారికి తెలుసు, తలలు ఊపుతున్నారు కూడా. అమావాస్య. మన ప్రాంతాల్లో చాలా ఊళ్లలో అమావాస్య నాడు మగ్గం ఆడదు, ఉలి ఎత్తరు, కుంపటి రాజేయరు, తాపీ పట్టరు. దానికి ఆచారం చెప్పే కారణాలు ఆచారానికి ఉన్నాయి, వాటిలోకి నేను వెళ్లను. ఫలితం చూడండి. నెలకొక రోజున ఊళ్లోని చేతిపనివారందరికీ ఒకేసారి తీరిక దొరికేది. అందరికీ ఒకేసారి దొరకడమన్నది చిన్న విషయం కాదు. భజనకు పదిమంది కావాలి, నాటకానికి పదిహేనుమంది కావాలి. ఒక్కొక్కరికి ఒక్కొక్క రోజు సెలవైతే ఎవరికి వారు ఇంట్లో నిద్రపోవలసిందే. సెలూన్లకు మంగళవారం సెలవు కాబట్టి ఆ వృత్తివారి సంఘ సమావేశాలూ సంగీత సాధనా ఆ రోజునే పెట్టుకోవడం చూశాను.

రోజుల సంగతి ఇలా ఉంటే, రుతువుల సంగతి మరొకటి. గుంట మగ్గం నేసేవారికి వానాకాలం గడ్డుకాలం. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు, అంటే నిలువు నూలు పోగులు, చాపి గంజి పట్టించాలంటే ముసురులో వీలు కాదు, మగ్గం గుంటలోకి చెమ్మ ఊరుతుంది. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు గనుక కంసాలి వీధి నెమ్మదిస్తుంది. తాపీ పనివారికి వాన పడిన రోజు కూలి లేని రోజు. ఈ తీరికను సంతోషమని నేను అనను, అది చాలాసార్లు పస్తుతో కలిసే వస్తుంది. అయినా రాత్రి పొద్దుపోయేదాకా తంబుర శ్రుతి చేసుకొని వీరబ్రహ్మంగారి తత్వాలు పాడుకున్న బృందాలకు అదనుగా దొరికినది ఈ కాలమే. ఇక ఈ కాలపు వృత్తి ఒకటి చూడండి, ఏసీ మెకానిక్. ఎండాకాలంలో అతనికి అన్నం తినే తీరిక ఉండదు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా పని తగ్గుతుంది. అయ్యప్ప దీక్ష 41 రోజుల మండలం సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తుంది. ఏసీ మెకానిక్కుల్లో మాల వేసుకొనేవారు ఇంతమంది ఎందుకున్నారని నన్ను ఒకరు అడిగారు. భక్తి ఉందనడంలో నాకు అనుమానం లేదు. భక్తితో పాటు తీరిక కూడా కుదిరింది, పది మందితో కలిసి రాత్రిళ్లు పడిపూజల్లో గొంతెత్తి పాడుకొనే సంబరమూ కుదిరింది.

ఇప్పుడు రెండో ప్రశ్నకు వస్తాను. పని చేస్తున్నప్పుడు శరీరంలో ఏ అవయవం ఖాళీగా ఉంటుంది? నవ్వకండి, ఇది కొంచెం ఆలోచించవలసిన ప్రశ్న. చేతి మగ్గం మీద కూర్చున్నవారికి చేతులు ఖాళీ లేవు, కాళ్లు ఖాళీ లేవు, కళ్లు పడుగు మీద ఉండాలి. గొంతు ఖాళీ, చెవి ఖాళీ. పైగా అడ్డ నూలు తీసుకుపోయే నాడె అటూ ఇటూ పోతుంటే, ఆ నూలును బిగించే పలక వచ్చి తగులుతుంటే తాళం దానంతట అదే పడుతుంది. కాబట్టి నేతవారి ఊళ్లలో, మంగళగిరి తీసుకోండి, చీరాల తీసుకోండి, పోచంపల్లి తీసుకోండి, పగలు మగ్గం మీద కూనిరాగంగా ఉన్న పాటే రాత్రి భజన మందిరంలో తాళాలతో నిలబడింది. పనికీ వేడుకకూ మధ్య అక్కడ గోడ లేదు.

మర మగ్గం వచ్చాక ఏమైంది? సిరిసిల్లలో సాంచాలు, అంటే మర మగ్గాలు, ఆడే షెడ్డులోకి ఒకసారి వెళ్లి చూడండి. పక్క మనిషితో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. అక్కడ పాట పుట్టదు, పుట్టినా పాడినవాడికే వినబడదు. పని గంటల్లోంచి పాటను యంత్రం బయటికి నెట్టివేసింది. యంత్రం వద్దని నేను అనడం లేదు, చేతి మగ్గం మీద నడుములు పోగొట్టుకున్నవారిని చూసినవాణ్ణి. ఏది పోయిందో మాత్రం చెబుతున్నాను. వడ్రంగం కూడా అంతే. చిత్రిక పట్టే చోట మాట్లాడుకోవచ్చు, రేడియో పెట్టుకోవచ్చు. విద్యుత్ రంపం తిరిగే చోట చెవులు మూసుకోవడం తప్ప మరొక మార్గం లేదు. దర్జీలు ఇంకా అదృష్టవంతులు. కుట్టు మిషను చప్పుడు మీదుగా పాట వినబడుతుంది. వివిధ భారతి పాటలను సినిమా పేరుతో, గాయకుడి పేరుతో సహా చెప్పగలిగినవారిని వెతకాలంటే నేను సంగీత కళాశాలకు వెళ్లను, దర్జీ దుకాణానికి వెళతాను.

కొన్ని వృత్తుల్లో తీరిక మధ్యమధ్యలో ముక్కలుగా వస్తుంది. గిరాకీ కోసం ఎదురుచూపు, ఇసుక లారీ కోసం ఎదురుచూపు, కరెంటు కోసం ఎదురుచూపు. ఈ ముక్కల తీరికలోకి ఎప్పుడైనా ఆపగలిగిన ఆటలే సరిపోతాయి. సెలూన్లో క్యారంబోర్డు అందుకే ఉంటుంది. అంతకంటే చాలా పాతది పులిజూదం. మన పాత గుడుల మండపాల్లో, హంపి రాతి అరుగుల మీద ఈ ఆట గీతలు చెక్కి ఉండడం మీలో కొందరు చూసే ఉంటారు. ఆ గీతల్లో కొన్ని ఎంత తిన్నగా, ఎంత లోతుగా ఉంటాయంటే ఉలి అలవాటున్న చెయ్యే వాటిని గీసిందని నాకు గట్టి నమ్మకం. నమ్మకమే, రుజువు అడగకండి. పైన ఒక కొస, అక్కడి నుంచి దిగే గీతలు, వాటిని అడ్డంగా కోసే గీతలు, మొత్తం 23 కూడళ్లు. ఒకరికి 3 పులులు, మరొకరికి 15 మేకలు. మేకలను ఒక్కొక్కటిగా బల్ల మీద పెట్టాలి, పదిహేనూ పెట్టేదాకా మేకను జరపకూడదు. ఈలోగా పులి తిరుగుతూనే ఉంటుంది, పక్కన మేక ఉండి దాని అవతల కూడలి ఖాళీగా ఉంటే దూకి చంపుతుంది. పులికి కదిలే చోటు లేకుండా చేస్తే మేకలది గెలుపు. బాగా ఆడేవారు ఎప్పుడూ మేకలను ఎంచుకొంటారు, ఇది గమనించారా? పులితో ఆడడానికి కన్ను చాలు. మేకలతో ఆడాలంటే నాలుగు ఎత్తుల అవతల ఏ సందు మూయాలో ఇప్పుడే తెలియాలి. ఏ వరుస తరువాత ఏ వరుస పేర్చాలో రోజంతా ఆలోచించే మేస్త్రికి అది బాగా పట్టుబడడంలో ఆశ్చర్యం లేదు.

ఇక నాకు ఎక్కువ ఇష్టమైన విషయానికి వస్తాను, పద్యనాటకం. కార్యదర్శిగారు సమయం గురించి హెచ్చరించారు, ఇక్కడ మాత్రం నేను కొంచెం ఆగుతాను.

తెలుగు నాటకం చరిత్ర చెప్పేవారు 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో వేయించిన నాటకంతో మొదలుపెడతారు, తరువాత 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ప్రారంభించిన సమాజం దగ్గరికి వస్తారు. సురభివారిది వృత్తి, తరతరాల వృత్తి. నేను మాట్లాడుతున్నది వృత్తి వేరే ఉండి, నాటకాన్ని వేడుకగా పెట్టుకున్నవారి గురించి. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల్లో, ఉత్తరాంధ్రలో, రాయలసీమలో ఇలాంటి బృందాలు ఎన్నో ఉండేవి, ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. కృష్ణుడు పగలు బట్టలు కుడతాడు, అర్జునుడు గోడలకు సున్నం వేస్తాడు, భీముడు తలుపులు చేస్తాడు. చదువు పెద్దగా లేనివారు కూడా గంటల కొద్దీ పద్యాలను అప్పగించగలిగారు. ఎలా? హార్మోనియం పక్కన కూర్చొని, ఒక పాదం గురువు చెబితే ఒక పాదం తాము చెప్పి నేర్చుకున్నారు. పనిలో కూడా వారు నేర్చుకున్న పద్ధతి అదే కదా. ఉలి పట్టడం పుస్తకంలో చూసి ఎవరు నేర్చుకున్నారు?

అలాంటి బృందం ఒకదానిలో భీముడి గద తయారవుతుండగా నేను దగ్గర కూర్చొని చూశాను. చేస్తున్నాయన భీముడి వేషగాడే, వడ్రంగి. కర్ర ఎంపిక దగ్గరే ఆయన చాలాసేపు ఆగిపోయాడు. టేకు ముక్కలు షెడ్డులో కుప్పగా ఉన్నాయి, వాటిని ముట్టుకోలేదు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి దుంగ ఒకటి తెప్పించుకున్నాడు. ఎందుకని అడిగితే, “మోసేవాడికి బరువు ఉండకూడదు మాస్టారూ, చూసేవాడికి బరువు కనబడాలి” అన్నాడు. తలను రెండు అర్ధగోళాలుగా తొలిచి, లోపల బోలుగా ఉంచి అతికించాడు. అతుకు కనబడకుండా చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి ఆ మక్కు పూశాడు. ఆరిన తరువాత ఉప్పు కాగితంతో రుద్ది, పసుపు రంగు వేసి, పైన అక్కడక్కడ నల్లగా నీడలు దిద్దాడు. ఆ నీడలతో దానికి ఇనుము బరువు వచ్చింది. చివరికి భుజం మీద పెట్టుకొని, పెట్టుకోగానే మోకాలు ఒక్క అంగుళం వంచాడు. ఆ వంపుతో గద బరువు మణుగుల్లోకి వెళ్లింది.

ఈ సంగతి ఎందుకు ఇంత వివరంగా చెబుతున్నాను? పని నుంచి తప్పించుకోవడానికే మనుషులు వేడుకలు పెట్టుకుంటారని మనం అనుకుంటాం. ఆయన రోజంతా కర్ర పని చేసి, రాత్రి తన వేడుక కోసం మళ్లీ కర్ర పనే చేశాడు. తేడా ఎక్కడుంది? పగలు చేసే తలుపుకు కొలత ఇంటి యజమానిది, నమూనా యజమానిది, గడువు యజమానిది. గద ఎంత లావు ఉండాలో నిర్ణయించినది ఆయనే. అదే బృందంలో దర్జీ కృష్ణుడి పీతాంబరం కుట్టాడు, కంసాలి అట్టతో, తళుకులతో, గాజు పూసలతో కిరీటం చేశాడు. ఆ కిరీటాన్ని ఆయన ఎన్నిసార్లు విప్పి మళ్లీ కట్టాడో చూస్తే, ఏ పెళ్లికూతురి నగకూ అంత శ్రద్ధ చూపించి ఉండడనిపించింది. ఈ మాట ఆయన ఖాతాదారులకు చేరవేయకండి.

ఎలక్ట్రీషియన్లకు ఇలాంటి సరదా కోటప్పకొండ తిరునాళ్లలో తీరుతుంది. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్లు 80, 90 అడుగుల ఎత్తు ప్రభలు, అంటే అలంకరించిన ఎత్తైన చట్రాలు, కడతాయి. వాటి మీద విద్యుద్దీపాల వరుసలు పారుతూ, ఆగుతూ, రంగులు మారుతూ ఉంటాయి కదా, ఆ వెలుగులకు వెనుక రాత్రుల తరబడి ఒళ్లంతా తీగలు చుట్టుకొని కూర్చున్న కుర్రవాళ్లు ఉంటారు. నా విద్యార్థుల్లో కొందరికి తరగతిలో సిరీస్ కనెక్షనుకూ ప్యారలల్ కనెక్షనుకూ తేడా బుర్రకెక్కలేదు, ప్రభ మీద ఎక్కింది. పక్క ఊరి ప్రభ కంటే తమ ప్రభ మిన్నగా వెలగాలన్న పంతం నా పాఠం కంటే బలమైనది. ఒక్క మాట, ఎత్తైన ప్రభలు కరెంటు తీగలకు తగిలే ప్రమాదం ఉంది. ఆ పని తెలిసినవారే ముందు నడవాలి.

హైదరాబాదు పాతబస్తీలో మేడల మీద పావురాల గూళ్లు చూసినవారు ఉంటారు. మెకానిక్కులు, దర్జీలు, చిన్న దుకాణాలవారు సాయంత్రం ఈల వేసి గుంపును ఎగరేస్తారు. ధూల్‌పేటలో సంక్రాంతికి గాలిపటాలు చేసేవారు తమ కోసం ఒకటి ప్రత్యేకంగా చేసుకుంటారు. దారం విషయంలో మాత్రం జాగ్రత్త. నైలాన్ మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది, అది పక్షుల రెక్కలనూ మనుషుల గొంతులనూ కోస్తోంది. పేకాట, కోడిపందెం, మద్యం సంగతి ఎందుకు ఎత్తలేదని కొందరు అనుకుంటున్నారు. ఉన్నాయి, కాదనను. కానీ చేతిపనివారి తీరిక అనగానే ఆ మూడే గుర్తుకు రావడం మన చూపులో లోపం. వారికంటే మెరుగైన జీతాలున్నవారి క్లబ్బుల్లో ఏముందో మీకు తెలుసు.

గల్ఫ్ దేశాల్లో పని చేసే మన తాపీమేస్త్రులను, ఇనుము వంచేవారిని కూడా తలుచుకోవాలి. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో బయటి పని నిషిద్ధం. దాన్ని తీరిక అనగలమా? అది ప్రాణం నిలుపుకొనే విరామం. తీరిక వారపు సెలవు నాడు, క్యాంపు వెనుక ఖాళీ జాగాలో క్రికెట్ ఆడినప్పుడు, తరువాత ఒకరు చేపల పులుసు పెడితే ఎనిమిదిమంది కూర్చొని తిన్నప్పుడు. ఇంటి దగ్గర గరిటె ముట్టని మనుషులు అక్కడ వంటలో పోటీ పడతారు. తిరిగి వచ్చాక మళ్లీ గరిటె ముట్టరు, అది వేరే సంగతి.

ఆ మాట వచ్చింది కాబట్టి అడుగుతాను. ఇంతసేపూ నేను చెప్పిన వేడుకల్లో ఆడవారు ఎక్కడున్నారు? నూలు కండెలు చుట్టేది వారు, మగ్గానికి నూలు సిద్ధం చేసే ఆసు పోసేది వారు, సిమెంటు మోసేది వారు, ఇప్పుడు వీధి వీధినా మిషను కుట్టేది కూడా వారే. అమావాస్య నాడు మగ్గం ఆగుతుంది, పొయ్యి ఆగుతుందా? భజన బృందానికి టీ ఎవరు కాచారు? ఈ మధ్య కొంత మార్పు కనబడుతోంది. కోలాటం చాలా చోట్ల ఆడవారి చేతుల్లోకి వచ్చింది. దర్జీ పని చేసేవారు, నేత ఇళ్ల ఆడవారు సాయంత్రాలు గుడి ఆవరణలో కోలలు పట్టుకొని నేర్చుకొంటున్నారు, ఒకే రంగు చీరలు తామే ఎంచుకొని కుట్టించుకొంటున్నారు, తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనాల ముందు ఆడి వస్తున్నారు. ఆ ప్రయాణం కోసం కొందరు ఏడాదంతా డబ్బు దాచుకొంటారు. ఇంటివారి కోసం కాకుండా తమ కోసం దాచుకొన్న డబ్బు బహుశా అదొక్కటే.

చివరిగా ఒక అభ్యర్థన. ఈ భవనంలో మంచి హాలు ఉంది, బీరువాల్లో పాత నాటకాల ప్రతులు ఉన్నాయి, మూలన బట్ట కప్పిన హార్మోనియం కూడా ఉంది, నేను రాగానే చూశాను. కానీ ఈ తలుపులు తెరిచి ఉండే వేళలు ఉద్యోగుల వేళలు. దర్జీ దుకాణం కట్టేసరికి రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది. ప్లంబరు ఆదివారం రాలేడు. కాబట్టి వారానికి ఒక రాత్రి, మంగళవారం అయితే సెలూన్లవారికి కూడా కుదురుతుంది, ఎనిమిదిన్నర నుంచి పది దాకా ఈ హాలు తెరిచి ఉంచండి. దానితో పాటు అమావాస్య నాడు పగలంతా తెరవండి. తాళం ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్న వస్తుంది. ఎదురుగా ఉన్న దర్జీ దుకాణంలో ఇవ్వవచ్చునని కార్యదర్శిగారితో ఇందాక అన్నాను, ఆయన కాదనలేదు. హార్మోనియం తిత్తికి చిల్లు పడింది, దానికి తోలు వేయగలవారు ఈ సభలోనే ఇద్దరు కనబడుతున్నారు. సభ ముగిశాక వారు ఒకసారి వేదిక దగ్గరికి రావాలి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.